బొమ్మలో పార్కు... భూమ్మీద ప్లాట్లు!

మా వంటింటి అలమరాలో చింతపండు జాడీ కింద నేనొక రంగుల కాగితం పరిచాను. దళసరి కాగితం, తళతళ మెరుస్తుంది, మరక పడ్డా తుడిస్తే పోతుందని. అది మేం కొన్న ప్లాటు బ్రోచరు. అందులో పచ్చటి పార్కు, పిల్లలకు జారుడుబల్ల, నీళ్ళు చిమ్మే ఫౌంటెను, ఓ పక్కన బడి, చివర గుడి. మూడేళ్ళు ఆ కాగితం జాడీ బరువు మోసింది. ఆ తర్వాత ఒకరోజు జాడీ పక్కకు జరిపి, చింతపండు మరకతో సహా దాన్ని మెల్లగా ఊడదీసి, ఫైల్లో పెట్టుకోవాల్సి వచ్చింది. ఎందుకో చెప్తాను వినండి. మీలో చాలామందికి ఇది మీ కథలాగే అనిపించవచ్చు.

జనగామ 2016 అక్టోబరులో జిల్లా అయింది. అదే రోజున మహబూబాబాద్, భూపాలపల్లి కూడా జిల్లాలయ్యాయి. కలెక్టరాఫీసు వస్తుందంటే చాలు, చుట్టుపక్కల చేలకు రెక్కలొస్తాయి కదా! నిన్నటిదాకా పత్తి వేసిన చెల్కల్లో రాత్రికి రాత్రే జెండాలు లేచాయి. 2018లో మేమూ ఒక వెంచర్లో 150 గజాలు కొన్నాం. మావారి జీతంలో మిగిలింది కొంత, నా చిట్టీ డబ్బు కొంత. అవి చాలక మా అమ్మ పెట్టిన రెండు పేటల గొలుసు అమ్మేశాం. గొలుసు పోయినందుకు నేను పెద్దగా బాధపడలేదు. ఎందుకంటే ఆ బొమ్మలో పార్కు ఉంది. పార్కు చూడగానే నాకు గుర్తొచ్చింది బతుకమ్మ. అద్దె ఇళ్ళ సందుల్లో, మోటారు సైకిళ్ళ మధ్య బతుకమ్మ ఆడీ ఆడీ విసిగిపోయాం. మన ఇంటి ముందే ఇంత జాగ ఉంటే ఇంకేం కావాలి అనుకున్నాను.

కరోనా తగ్గాక 2021లో ఇల్లు మొదలుపెడదామని ప్లాటు చూడ్డానికి వెళ్ళాం. మా ప్లాటు ఉంది. దాని ఎదురుగా పార్కు లేదు. పార్కు ఉండాల్సిన చోట కొత్త హద్దురాళ్ళు, వాటి మీద ఎర్ర రంగుతో నంబర్లు.

"పార్కు యాడుందన్నా?" అనడిగింది మా పక్క ప్లాటు టీచరక్క.

"అది ఊరికె బొమ్మ మేడం. కింద చిన్నచిన్న అక్షరాలు సూడలేదా? మార్పులు చేర్పులుంటయ్ అని రాసినం గద" అన్నాడు వెంచరు ఆఫీసు కుర్రాడు, సెల్ ఫోన్లోంచి తలెత్తకుండానే.

"మరి మా పైసలు మాత్రం మార్పులేం లేకుంటనే తీసుకున్నరు గదనే!" అంది అక్క.

వెంట ఉన్నవాళ్ళంతా నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. మెడ తడుముకున్నాను.

చేను ప్లాటు ఎలా అవుతుంది?

ఇంటికొచ్చాక కూడా నన్నొక ప్రశ్న వదల్లేదు. పత్తి చేను ఇళ్ళ స్థలంగా మారడానికి ఎవరో అనుమతి ఇచ్చి ఉంటారు కదా? ఏం చూసి ఇచ్చారు? తెలిసినవాళ్ళనీ, ఒక లాయరు చెల్లెల్నీ అడిగి నేర్చుకున్నది ఇది.

సాగుభూమిని వేరే అవసరానికి మార్చాలంటే 2006 నాటి చట్టం ప్రకారం ముందు నాలా కన్వర్షన్ కావాలి. ఆ ఊరికి మాస్టర్ ప్లాను ఉండి, అందులో ఆ జాగను సాగు కోసమో మరో పని కోసమో చూపి ఉంటే, దాన్ని నివాస జోనుగా మార్చాలి. అలా మార్చేముందు నోటిఫికేషన్ ఇచ్చి, జనం అభ్యంతరాలు అడగాలి. ఆ పైన లేఔటు అనుమతి. రోడ్లు ఇంత వెడల్పు, డ్రైనేజీ ఇలా, కరెంటు స్తంభాలు ఇక్కడ, పార్కు ఇక్కడ అని నక్షా గీసి ఇస్తే, దాన్ని చూసి ఆమోదిస్తారు. మొత్తం భూమిలో కనీసం 10 శాతం ఖాళీ జాగ వదలాలి. ఆ జాగను, రోడ్లను స్థానిక సంస్థకు ఉచితంగా అప్పగించాలి. ఖాళీ జాగకైతే గిఫ్టు డీడు రిజిస్టరు చేస్తారు. అంటే ఆ పార్కు వెంచరు వాళ్ళది కాదు. మనదీ కాదు. ఊరిది!

చూశారా, ఇది ఇచ్చిపుచ్చుకోవడం. ఎకరాల లెక్కన కొన్న చేను గజాల లెక్కన అమ్ముకునే అవకాశం ఊరు ఇస్తుంది. దానికి బదులుగా రోడ్లు, పార్కు, నీళ్ళు వాళ్ళు ఇవ్వాలి. తీసుకోవాల్సింది తీసేసుకుని ఇవ్వాల్సింది ఎగ్గొడితే, ఆ నష్టం ప్లాటు కొన్న మనదొక్కరిదే కాదు, ఊరందరిదీ.

మరి ఎగ్గొట్టకుండా పట్టేది ఏమిటి? దానికీ ఒక ఉపాయం పెట్టారు. లేఔటు అనుమతి ఇచ్చేటప్పుడు అమ్ముకోదగ్గ ప్లాట్లలో సాధారణంగా 15 శాతాన్ని స్థానిక సంస్థ పేరిట తనఖా పెట్టించుకుంటారు. పనులన్నీ పూర్తయ్యాయని చూసుకున్నాకే ఆ తనఖా విడుదల చేయాలి. మనం బంగారం కుదువబెడితే, బాకీ తీరేదాకా సేటు నగ ఇవ్వడు కదా? అచ్చం అంతే. పనులు కాకముందే ఆ ప్లాట్లు చేతికిచ్చేస్తే ఇంకెవరు పట్టించుకుంటారు?

భూపాలపల్లిలో మా పిన్ని కూతురుంది. వాళ్ళాయన సింగరేణి కార్మికుడు. వేరే ఊళ్ళో వాళ్ళు కొన్న వెంచర్లో సరిగ్గా ఇదే జరిగింది. రోడ్డు మీద కంకర పరిచారు, తారు పడలేదు. స్తంభాలు పాతారు, తీగ లాగలేదు. తనఖా ప్లాట్లు మాత్రం విడుదలై అమ్ముడుపోయాయి. "ఇప్పుడు ఎవల్ని అడిగినా, మాకేం సంబంధం అంటున్నరక్కా" అని ఫోన్లో వాపోయింది. బాయిలో దిగి సంపాదించిన పైసలవి. అడగాల్సిన సమయం దాటిపోయిందని దానికి ఎవరూ చెప్పలేదు.

లేని పార్కుకు డబ్బు ఎవరు కట్టాలి?

మానుకోటలో మా ఆడపడుచుది ఇంకో కథ. (మహబూబాబాద్ ని మేమంతా ఇంకా మానుకోట అనే అంటాం లెండి.) ఆమె కొన్న చోట అసలు అనుమతి ఉన్న లేఔటే కాదు. చేను మధ్య సున్నం గీతలు గీసి అమ్మేశారు. ఇలాంటివి రాష్ట్రమంతా ఎన్నో! 2020 ఆగస్టులో ప్రభుత్వం లేఔట్ల క్రమబద్ధీకరణ, అదే మనం ఎల్.ఆర్.ఎస్. అంటామే, ప్రకటించినప్పుడు పాతిక లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి.

అందులో ఒక లెక్క చూసి నేను నోరు తెరిచాను. పార్కు కోసం 10 శాతం జాగ వదలని లేఔట్లో ప్లాటు కొన్నవాళ్ళు, మామూలు క్రమబద్ధీకరణ ఫీజు కాక, ఆ ఖాళీ జాగ పేరు మీద ప్లాటు విలువలో 14 శాతం కట్టాలి! రిజిస్ట్రేషన్ నాటికి ప్లాటు విలువ 2 లక్షలనుకుంటే 28 వేలు. 2025లో 25 శాతం రాయితీ ఇచ్చారు. ఆ లెక్కన 21 వేలు. జాగ వదలకుండా అమ్ముకున్నవాడు లాభం మూటగట్టుకుపోయాడు. లేని పార్కుకు మా ఆడపడుచు డబ్బు కట్టాలి. "వదినా, నేనెన్నడూ అడుగుపెట్టని పార్కుకు టికెట్టు కొన్నట్టుంది" అంది ఆమె.

మానుకోట అంటే ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ జిల్లాలో కొత్తగూడ, గంగారం, బయ్యారం లాంటి ఏజెన్సీ మండలాలున్నాయి. అక్కడ 1/70 చట్టం ప్రకారం గిరిజనేతరులకు భూమి బదిలీ చెల్లదు. "మన పేరు మీద కాగితం రాయిస్తాం" అని ఎవరన్నా అంటే, ఎంత చవకైనా సరే నమ్మకండి. ఆ భూమి గిరిజనులది. అక్కడ మన ప్లాటే నిలవదు, ఇక పార్కు మాటేమిటి?

నోయిడాలో కూలిన మేడలు

ఇంత పెద్ద కంపెనీలతో మనలాంటి ఆడవాళ్ళం ఏం గెలుస్తాం అనిపిస్తుంది. నాకూ అనిపించింది. అప్పుడే సుప్రీంకోర్టు తీర్పు ఒకటి వచ్చింది.

ఢిల్లీ పక్కనే నోయిడాలో సూపర్‌టెక్ అనే సంస్థ ఎమరాల్డ్ కోర్ట్ అని అపార్ట్‌మెంట్లు కట్టింది. ఫ్లాట్లు కొన్నవాళ్ళకు తొలి ప్లానులో ఒకచోట తోట చూపించారు. తర్వాత ప్లాను మార్చి, ఆ తోట జాగలోనే రెండు పెద్ద టవర్లు మొదలుపెట్టారు. మార్చిన ప్లానుకు అక్కడి అధికార సంస్థ అనుమతి కూడా ఇచ్చేసింది. అందులో కాపురముంటున్న వాళ్ళను మాత్రం ఎవరూ అడగలేదు. నివాసుల సంఘం ఊరుకోలేదు. హైకోర్టులో గెలిచింది, సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2021 ఆగస్టు 31న సుప్రీంకోర్టు ఆ రెండు టవర్లూ కూల్చేయమంది. వాటిలో ఫ్లాట్లు బుక్ చేసుకున్నవాళ్ళ డబ్బు 12 శాతం వడ్డీతో తిరిగివ్వమంది. నివాసుల సంఘానికి 2 కోట్ల రూపాయలు చెల్లించమంది. 2022 ఆగస్టు 28న కుతుబ్ మీనార్ కన్నా ఎత్తయిన ఆ మేడలు క్షణాల్లో దుమ్ములో కలిసిపోవడం టీవీలో మీరూ చూసే ఉంటారు.

అంతకు ముప్పై ఏళ్ళ ముందే, 1991లో, బెంగుళూరు రాజమహల్ విలాస్ ఎక్స్‌టెన్షన్‌లో పార్కు జాగను ఒక ప్రైవేటు ఆసుపత్రికి ఇచ్చినప్పుడు అక్కడి నివాసులే కోర్టుకు వెళ్ళి గెలిచారు. ఆసుపత్రి మంచిదే. కానీ పార్కు అని చెప్పి వదిలిన జాగ పార్కుగానే ఉండాలంది సుప్రీంకోర్టు.

అమెరికాలో వర్జీనియాలో ఉంటున్న మా చిన్నాన్న కోడలు ఒక సంగతి చెప్పింది. మన తెలుగువాళ్ళు అక్కడ బాగానే ఉన్నారు. అక్కడ జోను మార్చమని అడిగే స్థలం యజమాని, "మారిస్తే నేను ఇవి చేస్తాను" అని రాసిస్తాడట. ఇంత జాగ వదులుతాను, ఇంత రోడ్డు వేస్తాను అని. దాన్ని ప్రోఫర్ అంటారట. పాలకవర్గం ఒప్పుకుందంటే ఆ మాట భూమికే అంటుకుపోతుంది. యజమాని అమ్ముకుని పోయినా, కొన్నవాడు నెరవేర్చాల్సిందే. "అయితే అక్కా, రాసి ఇచ్చిందే లెక్క. మీటింగుల్లో చూపించే రంగుల బొమ్మలు లెక్కకు రావు" అంది. అమెరికాలోనూ అదే గొడవన్న మాట!

పెళ్ళిచూపుల్లో అనుకునే మాటలెన్నో ఉంటాయి. అబ్బాయికి తాగుడు లేదంటారు, అమ్మాయిని పై చదువులు చదివిస్తామంటారు. పదిమంది పెద్దల ముందు కాగితం మీద పెట్టిందే రేపు నిలబడేది. ప్లాటుకూ అంతే.

పది రూపాయల దరఖాస్తు

మేం చేసిన పని చాలా చిన్నది. టీచరక్కా, నేనూ సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల ఫీజు కట్టి, మా లేఔటు ఆమోదించిన ప్లాను నకలు, పార్కు గిఫ్టు డీడు, తనఖా ప్లాట్ల వివరాలు అడిగాం. అన్నీ వచ్చాయి. ప్లాను మా డైనింగు టేబుల్ మీద పరిచి చూశాం. పార్కు ఉంది! సరిగ్గా మా ప్లాటు ఎదురుగానే, గళ్ళు గీసి, కొలతలు వేసి ఉంది. గిఫ్టు డీడూ రిజిస్టరయింది. తనఖా ఇంకా విడుదల కాలేదు. అప్పుడు పోయిన ప్రాణం లేచొచ్చింది.

కానీ అదే ప్లానులో బడి లేదు. గుడీ లేదు. బ్రోచర్లో బడి చూపిన చోట ప్లానులో మామూలు ప్లాట్లున్నాయి. అంటే రెండు బొమ్మల్ని మేం ఒకటే అనుకున్నాం. ఒకటి మనకు చూపించింది. ఇంకోటి ప్రభుత్వానికి చూపించింది.

ఇక్కడే రెరా చట్టం గురించి చెప్పాలి. 2016లో కేంద్రం ఈ చట్టం చేసింది. మన రాష్ట్రంలో నిబంధనలు 2017లో వచ్చాయి. 2017 జనవరి 1 తర్వాత అనుమతి పొందిన ప్రాజెక్టు, 500 చదరపు మీటర్లు మించిన భూమిలో వేసే లేఔటు అయినా సరే, రెరాలో నమోదు కావాలి. ఇందులో 14వ సెక్షన్ మన చేతిలో ఆయుధం. ఆమోదించిన ప్లాను ప్రకారమే చేయాలి. పార్కులాంటి ఉమ్మడి జాగల్లో మార్పు చేయాలంటే, కొన్నవాళ్ళలో మూడింట రెండు వంతుల మంది ముందుగా రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. ఒకరికే పది ప్లాట్లున్నా అతనిది ఒక్క ఓటే. ప్లానులో లేనిది ప్రకటనలో చూపి నమ్మించినా వదలదు ఈ చట్టం. తప్పుడు ప్రకటన నమ్మి నష్టపోయినవాళ్ళకు పరిహారం అడిగే హక్కు 12వ సెక్షన్ ఇస్తుంది. వద్దనుకుంటే వడ్డీతో డబ్బు వెనక్కి అడగవచ్చు. అందుకే చింతపండు జాడీ కింది కాగితం ఫైల్లోకి వచ్చింది! చిన్నక్షరాల్లో ఏం రాసుకున్నా అవి చట్టాన్ని మించవు.

మొత్తం 22 ఇళ్ళ ఆడవాళ్ళం సంతకాలు పెట్టాం. ఒక కాగితం మున్సిపల్ ఆఫీసులో ఇచ్చాం, పార్కు, రోడ్లు, లైట్లు పూర్తయ్యేదాకా తనఖా ప్లాట్లు విడుదల చేయవద్దని. దాని నకలు వెంచరు వాళ్ళకు రిజిస్టరు పోస్టులో పంపాం. రెరాకు వెళ్తామని కూడా అందులో రాశాం. నెల తిరక్కముందే వాళ్ళే ఫోన్ చేశారు. "మేడం, కూసోని మాట్లాడుకుందాం" అని. మూడేళ్ళలో ఒక్కసారీ మాకు కుర్చీ వేయనివాళ్ళు!

హద్దురాళ్ళు లేచాయి. 2023 నాటికి కంచె పడింది, గేటు పెట్టారు, బోరు వేశారు. ఫౌంటెను రాలేదు, మేమూ అడగలేదు. బడి సంగతి మాత్రం తేలలేదు. కేసు వేద్దామని కొందరం, ఇన్నాళ్ళకు కాస్త నెమ్మదించాం, ఇంకెందుకని కొందరం. అందరం గెలిచామని చెప్పను. బడి బొమ్మ చూసి ప్లాటు కొన్న ఒకామె తన ఇద్దరు పిల్లల్ని రోజూ ఆటోలో పంపిస్తోంది. ఆమె ముందు నాకు పార్కు గురించి గొప్పలు చెప్పుకోవాలనిపించదు.

మనకెందుకు అనుకోకండి

జోన్లు, మాస్టర్ ప్లాన్లు అంటే మగవాళ్ళ వ్యవహారం అనుకుంటాం. పేపర్లో ఆ నోటీసులు కనిపిస్తే పేజీ తిప్పేస్తాం. 2022లో వరంగల్ చుట్టూ ల్యాండ్ పూలింగ్ అన్నప్పుడు మా జనగామ జిల్లా ఊళ్ళు కూడా అందులోకి వచ్చాయి. రైతులు గట్టిగా ఎదురు నిలిస్తే సర్కారు వెనక్కి తగ్గింది. 2023 జనవరిలో కామారెడ్డిలో ముసాయిదా మాస్టర్ ప్లాను మీద రైతులు రోడ్డెక్కాక, మున్సిపల్ కౌన్సిలే దాన్ని రద్దు చేయాలని తీర్మానించింది. ముసాయిదాగా ఉన్నప్పుడు అడిగిన మాటకు ఉన్న బలం, గోడలు లేచాక అడిగితే ఉండదు.

కాబట్టి అక్కచెల్లెళ్ళూ, నేను దెబ్బ తిని నేర్చుకున్నవి నాలుగు మాటల్లో చెప్తాను.

• బ్రోచరు చూసి మురిసిపోకుండా, "ఆమోదించిన ప్లాను నకలు ఇవ్వండి" అని అడగండి. రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. బ్రోచర్లో ఉండి ప్లానులో లేనివేమిటో రాసుకోండి. వాటిని అగ్రిమెంట్లో రాయించుకోండి.

• రెరా నంబరు అడగండి. ఆ నంబరుతో రెరా వెబ్‌సైట్లో ప్రాజెక్టు వివరాలు చూడొచ్చు. ఇంట్లో పదో తరగతి పిల్లలుంటే చాలు, వెతికిపెడతారు.

• పార్కు గిఫ్టు డీడు అయిందా, తనఖాలో ఏయే ప్లాట్లు ఉన్నాయి అని కనుక్కోండి. ఈసీ తీయిస్తే తెలుస్తుంది. మీకు అమ్మజూపే ప్లాటు తనఖాలో ఉందేమో ముందే చూసుకోండి.

• బ్రోచరు, పేపర్లో వేసిన ప్రకటన, రసీదులు, వాట్సాప్‌లో పంపిన బొమ్మలు పారేయకండి. అవే రేపటి సాక్ష్యాలు.

• ఏడాదికోసారైనా వెళ్ళి ప్లాటు చూడండి. మీ ప్లాటొక్కటే చూసి రాకండి. పార్కు జాగ చుట్టూ తిరిగి, ఫోటో తీసుకుని రండి.

• పక్క ప్లాట్ల వాళ్ళ ఫోన్ నంబర్లు తీసుకోండి. ఒక్కరు అడిగితే విసుక్కుంటారు. ఇరవై మంది అడిగితే కుర్చీలు వేస్తారు. రెరాలో ఫిర్యాదు చేస్తే లాయరు లేకుండా మన వాదన మనమే చెప్పుకోవచ్చు.

• పనులు కాకముందే తనఖా విడుదల చేయొద్దని రాతపూర్వకంగా అడగండి. నోటిమాట వద్దు. కాగితం ఇచ్చి, ముట్టినట్టు ముద్ర వేయించుకోండి.

పోయిన సద్దుల బతుకమ్మ నాడు మా పార్కులో ఆడాం. ఇంకా సరిగ్గా గడ్డి మొలవలేదు. ఉన్నది ఒక్కటే లైటు. కాళ్ళకు గులకరాళ్ళు గుచ్చుకున్నాయి. మా పాప మాత్రం తంగేడు పూలు తొక్కకుండా ఎగురుకుంటూ, "అమ్మా, ఇది మనదేనా?" అనడిగింది.

"మనదొక్కళ్ళదే కాదు, అందరిదీ" అన్నాను.

మరి మీ అలమరాలో ఏ జాడీ కింద ఏ కాగితముందో, ఇవాళే ఒకసారి చూడండి!